ఒక తీగ, నాలుగు కంప్యూటర్లు

వీధి స్తంభం మీంచి సన్నని నల్ల తీగ ఒకటి మీ డాబా మీదికి వచ్చి, కిటికీ పక్కన చేసిన చిల్లులోంచి ముందుగదిలోకి దిగుతుంది. గోడకి తగిలించిన చిన్న పెట్టెలో దాని ప్రయాణం ఆఖరు. ఆ పెట్టెకి మిణుకు మిణుకుమనే పచ్చ దీపాలూ, కొమ్ముల్లాంటి రెండు ఏంటెనాలూ వుంటాయి. ఇంటర్నెట్టు మీ ఇంట్లోకి వచ్చేది ఈ దారినే.

రాత్రి ఎనిమిది గంటలయిందనుకోండి. మీ అక్క కంప్యూటరు ముందు కూర్చుని కాలేజీ పాఠం వింటోంది. నాన్నగారు ఆఫీసు కాగితాలు పంపుతున్నారు. బామ్మగారు డల్లాసులో వున్న మీ బాబాయితో ఫోనులో ముఖాముఖి మాట్లాడుతున్నారు. మీరేమో గ్రహణాల గురించి ఒక చిన్న సినిమా చూస్తున్నారు. అరచేతిలో ఇమిడే ఫోను కూడా కంప్యూటరే సుమండీ! కాబట్టి యంత్రాలు నాలుగు. తీగ మాత్రం ఒక్కటే.

"ఇందులో వింతేముంది? మునిసిపాలిటీ గొట్టం ఒకటే వస్తుంది, ఇంట్లో నాలుగు కుళాయిలు లేవా?" అని మీరు అడగవచ్చు. నీళ్ళ సంగతి వేరు. ఏ కుళాయిలోంచి వచ్చినా నీళ్ళు నీళ్ళే. వంటింటికి రావలసిన చెంబెడు నీళ్ళు పెరట్లోకి పోతే కొంపేమీ మునగదు. ఈ తీగలో వచ్చే సరుకు అలాంటిది కాదు. ప్రతి ముక్కకీ ఒక సొంతదారు వున్నాడు. బాబాయి ముఖం వెళ్ళి అక్క పాఠంలో పడకూడదు. నాన్నగారి ఆఫీసు లెక్కలు మీ సినిమాలో కనిపించకూడదు. నిజానికి ఎప్పుడూ అలా జరగదు కూడా.

మరి ఇంత జాగ్రత్తగా పంచుతున్నది ఎవరు? ఎలా పంచుతున్నారు?

పొట్లాలూ, వాటి మీద నెంబర్లూ

ఇంటర్నెట్టులో ఏదీ ఏకాండీగా ప్రయాణం చెయ్యదు. సినిమా అయినా, మాట అయినా, ఉత్తరం అయినా ముందుగా చిన్న చిన్న ముక్కలవుతుంది. ఒక్కొక్క ముక్కనీ ఒక పొట్లం అనుకుందాం. ఇంజనీర్లు దీన్ని పాకెట్టు అంటారు. మామూలుగా పాకెట్టు 1,500 బైట్లకు మించదు. ఒక బైటు అంటే 8 బిట్లు కనుక, పెద్ద పాకెట్టులో 12,000 బిట్లు వుంటాయన్నమాట.

మీ తీగ వేగం సెకనుకి 40 మెగాబిట్లు, అంటే 4 కోట్ల బిట్లు అనుకోండి. భాగించి చూస్తే సెకనుకి 3,333 పాకెట్లు పడతాయి. అక్క పాకెట్టు ఒకటి, ఆ వెనకే బామ్మగారిది, ఆ వెనక మీవి రెండు, మళ్ళీ అక్కది. ఇలా ఒకదాని వెనక ఒకటి, ఒకే వరసలో పరుగెడతాయి. ఒక్క పాకెట్టు దాటడానికి పట్టే కాలం సెకనులో మూడువేలవ వంతు కంటె తక్కువ కనుక, నలుగురికీ ఏకకాలంలో వస్తున్నట్టే అనిపిస్తుంది. సినిమాలో విడివిడి బొమ్మలు గబగబా తిరిగితే కదులుతున్నట్టు కనిపించడం లేదూ? ఇదీ అంతే.

ప్రతి పాకెట్టు మీదా రెండు చిరునామాలుంటాయి. ఎక్కడికి పోవాలో ఒకటి, ఎక్కడినుంచి వచ్చిందో ఒకటి. ఈ చిరునామాలు ఊళ్ళూ వీధులూ కావు, అంకెలు. చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు. ఒక్కొక్క సంఖ్య 0 నుంచి 255 దాకా వుండవచ్చు. ఉదాహరణకి 203.0.113.7 అనేది ఒక చిరునామా. దీన్ని ఐ.పి. చిరునామా అంటారు. (ఈ నెంబరు వెనక ఎవరి కంప్యూటరూ లేదు. పుస్తకాల్లో ఉదాహరణలు రాసుకోవడానికే 203.0.113 తో మొదలయ్యే నెంబర్లను ఎవరికీ ఇవ్వకుండా ఉంచేశారు. మంచి ఏర్పాటు!)

అయితే పని సులువే కదా? నాలుగు యంత్రాలకీ నాలుగు చిరునామాలు ఇచ్చేస్తే సరిపోతుంది. చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఇవ్వడానికి చిరునామాలు లేవు!

429 కోట్లు చాలలేదు

ఐ.పి. చిరునామాలో 32 బిట్లుంటాయి. రెండుని ముప్ఫైరెండు సార్లు వేసి గుణించి చూడండి. 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 వస్తుంది. ఇంతకు మించి చిరునామాలు పుట్టవు.

32 బిట్లు చాలునని 1977లో అనుకున్నారు. అప్పుడు జరుగుతున్నది ఒక ప్రయోగం మాత్రమేనని ఇంటర్నెట్టు నిర్మాతల్లో ఒకడైన వింటన్ సెర్ఫ్ తరవాత చాలాసార్లు చెప్పాడు. కంప్యూటర్లు విశ్వవిద్యాలయాల్లోనూ, సైనిక పరిశోధనశాలల్లోనూ వుండేవి. ఒక్కొక్కటి గదంత వుండేది. ఇంటికి నాలుగు కంప్యూటర్లు వుంటాయని ఆనాడు ఎవరు కలగన్నారు? 1981లో ఆ నియమాలే ఖాయమయ్యాయి. ఆ సంవత్సరం ప్రపంచ జనాభా సుమారు 450 కోట్లు. అంటే చిరునామాలు పుట్టిననాడే మనిషికొకటి చొప్పున లేవు!

పైగా ఉన్నవాటిని ఉదారంగా పంచిపెట్టారు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అనే ఒక్క విద్యాసంస్థ చేతిలో 18 తో మొదలయ్యే చిరునామాలన్నీ వుండేవి. ఎన్నో తెలుసా? 1 కోటి 67 లక్షల పైచిలుకు. ఆలస్యంగా వచ్చిన దేశాలకి మిగిలింది తక్కువ. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్టు అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పటికే పెద్ద పెద్ద వాటాలు పంచేశారు. ఉమ్మడి ఆస్తి పంపకాలకి చివర వచ్చినవాడి గతి మీకు తెలుసుగా!

2011 ఫిబ్రవరి 3న ప్రపంచ కొట్టులోని ఆఖరి వాటాలు కూడా అయిదు ఖండాంతర సంస్థలకి పంచేశారు. ఆ ఏప్రిల్‌లోనే మన ఆసియా-పసిఫిక్ ప్రాంతపు నిల్వ అడుగంటింది. ఆ పైన రేషను మొదలయింది.

కాబట్టి ఇంటికి ఒక్క చిరునామా దొరికితే అదే పదివేలు. ఆ ఒక్కదానితోనే నలుగురూ సర్దుకోవాలి.

తపాలు గుమాస్తా

ఏ ప్రభుత్వ కార్యాలయానికైనా వెళ్ళండి. వందమంది పనిచేసే కచేరీకి కూడా చిరునామా ఒక్కటే. లోపలి సెక్షన్ల నుంచి రోజూ బోలెడు ఉత్తరాలు బయటికి పోతాయి. అవన్నీ ముందుగా తపాలు గుమాస్తా బల్ల మీదికి వస్తాయి. ఆయన లావుపాటి రిజిస్టరు తెరిచి, ఏ ఉత్తరం ఏ సెక్షనుదో రాసుకుని, ఉత్తరం మీద ఒక నెంబరు వేస్తాడు. కింద ఒక మాట వుంటుంది, "జవాబులో పై నెంబరు ఉదహరించవలెను" అని. జవాబు వచ్చినప్పుడు ఆయన ఆ నెంబరు చూసి, రిజిస్టరు తిరగేసి, సరైన సెక్షనుకి పంపిస్తాడు. జవాబు రాసినవాడికి లోపల ఎన్ని సెక్షన్లున్నాయో తెలియనే తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు.

మీ ఇంటి గోడమీది పెట్టెలో ఇలాంటి గుమాస్తా ఒకడు కూర్చున్నాడు. పెట్టె పేరు రూటరు. దాంట్లో నిజానికి మూడు నాలుగు పరికరాలు కలిసి వుంటాయి. తీగలో కాంతి రూపంలో వచ్చే సంకేతాలను విద్యుత్తుగా మార్చేది ఒకటి, గాలిలో రేడియో తరంగాలు పంపేది ఒకటి. మనకి కావలసింది గుమాస్తా.

అతడి పనితీరు చూద్దాం. ముందుగా ఇంట్లో వున్న యంత్రాలకి లోపలి నెంబర్లు ఇస్తాడు. కంప్యూటరు తెరవగానే అది "ఇక్కడ ఎవరైనా వున్నారా? నాకొక చిరునామా కావాలి" అని అందరికీ వినబడేలా కేక వేస్తుంది. రూటరు "ఇదిగో, 192.168.1.2 నీది" అంటుంది. శాశ్వతంగా కాదు, అద్దెకి. గడువు తీరేలోపల మళ్ళీ అడిగి పొడిగించుకోవాలి. అక్క కంప్యూటరుకి 192.168.1.2 వచ్చింది. మీకు 192.168.1.3 వచ్చింది.

ఇప్పుడు అక్కా, మీరూ ఒకే క్షణంలో 198.51.100.20 అనే దూరపు కంప్యూటరుని చెరొక పేజీ అడిగారనుకోండి. పాకెట్టు మీద చిరునామాతోబాటు పోర్టు నెంబరు అనేది కూడా ఒకటి వుంటుంది. ఒకే కంప్యూటరు ఒకేసారి పదిమందితో మాట్లాడుతుంది కదా, ఏ సంభాషణ ఏదో గుర్తుపట్టడానికి పెట్టుకున్న నెంబరు ఇది. 0 నుంచి 65,535 దాకా వుంటుంది. అక్క పాకెట్టు మీద పంపినవారి పోర్టు 51,000 అని వుంది. కాకతాళీయంగా మీ పాకెట్టు మీద కూడా 51,000 అనే వుంది. గుమాస్తా ఏంచేస్తాడు?

అక్క పాకెట్టు మీది 192.168.1.2, 51,000 కొట్టివేస్తాడు. ఆ స్థానంలో ఇంటి చిరునామా 203.0.113.7 రాసి, పోర్టు 40,001 వేస్తాడు. మీ పాకెట్టు మీద కూడా అదే ఇంటి చిరునామా రాస్తాడు గాని, పోర్టు 40,002 వేస్తాడు. రిజిస్టరులో "40,001 అంటే అక్క, 51,000, 40,002 అంటే తమ్ముడు, 51,000" అని రెండు పద్దులు రాసుకుంటాడు. జవాబులు వస్తాయి. రెండింటి మీదా చిరునామా ఒకటే, 203.0.113.7. ఒకదాని మీద పోర్టు 40,001, రెండోదాని మీద 40,002. రిజిస్టరు చూస్తాడు, పాత నెంబర్లు తిరిగి వేస్తాడు, ఎవరి పొట్లం వాళ్ళకి ఇచ్చేస్తాడు. సెకనుకి మూడువేల సార్లు! చాలాసేపు ఉత్తరప్రత్యుత్తరాలు జరగని పద్దులను కొట్టేసి జాగా చేసుకుంటాడు కూడా.

పాకెట్టు దారిలో చెడిపోతే తెలుసుకోవడానికి దాని మీద ఒక సరిచూపు మొత్తం వేసి వుంటుంది. చిరునామా మారిస్తే ఆ మొత్తం తప్పిపోతుంది కాబట్టి, గుమాస్తా దాన్ని కూడా లెక్కకట్టి దిద్దుతాడు. లేకపోతే అవతలివాడు "ఇది చెడిపోయిన పొట్లం" అని పారేస్తాడు.

చేసి చూడండి

మీ ఫోనులో వై-ఫై అమరికలు తెరిచి, ఐ.పి. చిరునామా ఎక్కడ రాసివుందో వెతకండి. 192.168 తో గాని, 10 తో గాని, 172 తో గాని మొదలవుతుంది. కాగితం మీద రాసుకోండి. ఇంట్లో వున్న ఇంకో ఫోనులో కూడా చూడండి. చివరి అంకె వేరుగా వుంటుంది. రేపు బడిలో మీ స్నేహితుల్ని కూడా వాళ్ళ ఇళ్ళలో చూసి రమ్మనండి. పదిమందిలో ఇద్దరు ముగ్గురికైనా సరిగ్గా ఒకే చిరునామా వుంటే ఆశ్చర్యపోకండి. ఇవి ఇంటి లోపల మాత్రమే చెల్లే నెంబర్లు. ఎవరైనా వాడుకోవచ్చు. ప్రతి హాస్టల్లోనూ 5వ నెంబరు గది వున్నట్టే! వీటిని ఇలా విడిగా కేటాయించిన పత్రం 1996 ఫిబ్రవరిలో వెలువడింది.

ఇప్పుడు రెండు ఫోనుల్లోనూ "నా ఐ.పి. చిరునామా ఏమిటి?" అని ఇంటర్నెట్టులోనే వెతకండి. సామాన్యంగా రెండింటికీ ఒకే జవాబు వస్తుంది. బయటి ప్రపంచానికి మీరిద్దరూ ఒక్కరే. తరవాత ఒక ఫోనులో వై-ఫై ఆపేసి, ఫోను కంపెనీ డేటాతో మళ్ళీ చూడండి. జవాబు మారిపోతుంది. ఎందుకు మారిందో మీరే చెప్పగలరు. (చిరునామాలో చుక్కలకి బదులు జంట చుక్కలతో పొడుగాటి వరస ఒకటి కనిపిస్తే కంగారు పడకండి. దాని సంగతి తరవాత చెప్తాను.)

తాత్కాలికం అన్నారు

ఈ రిజిస్టరు ఉపాయాన్ని చిరునామా మార్పిడి అనవచ్చు. పొడి అక్షరాల్లో నాట్ అంటారు. 1994 మేలో కెల్డ్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు దీని గురించి ఒక పత్రం ప్రచురించారు. చిరునామాల కరువుకి అసలైన పరిష్కారం దొరికేదాకా కొద్దికాలం గడుపుకోవడానికి ఇది పనికివస్తుందని అందులోనే రాశారు. ఆ సంవత్సరమే అమెరికాలో జాన్ మేయస్, బ్రాంట్లీ కాయిల్ అనేవాళ్ళు పిక్స్ అనే పెట్టెని తయారుచేశారు. ఆఫీసు టెలిఫోను ఎక్స్ఛేంజి ఒకే నెంబరు వెనక వందమందికి ఫోన్లు ఇస్తుంది కదా, కంప్యూటర్లకీ అలాంటిది చెయ్యాలని వాళ్ళ ఆలోచన.

1999లో వచ్చిన విండోస్ 98 రెండవ ముద్రణతో ఈ పని ఇళ్ళలోకి వచ్చింది. అందులో ఒక కంప్యూటరే గుమాస్తాగా మారి రెండో దానికి ఇంటర్నెట్టు పంచేది. మొదటిది ఆపేస్తే రెండోదానికీ అంతే సంగతులు. అప్పటి టెలిఫోను తీగల మీద మంచి మోడెము కూడా సెకనుకి 56,000 బిట్లు దాటేది కాదు. ఒక్క పెద్ద పాకెట్టుకి సెకనులో అయిదవ వంతు పట్టేది! దాన్ని ఇద్దరు పంచుకోవడమంటే ఒక్క విస్తట్లో ఇద్దరు భోంచెయ్యడమే.

కొద్దికాలం అన్న ఉపాయం మూడు దశాబ్దాలు దాటినా ఇంటింటా నడుస్తూనే వుంది.

బయటివాడు తలుపు తట్టలేడు

ఉపాయం బాగానే వుంది. దీని ఖరీదు ఏమిటో కూడా చూడాలి.

గుమాస్తా రిజిస్టరులో పద్దు ఎప్పుడు పడుతుంది? లోపలివారు బయటికి ఉత్తరం రాసినప్పుడు మాత్రమే. ఎవరూ అడగకుండా బయటినుంచి ఒక పాకెట్టు వచ్చిందనుకోండి. దాని మీద ఇంటి చిరునామా వుంది గాని, అక్కకా, బామ్మగారికా, ఎవరికని ఇవ్వాలి? పద్దు లేదు. గుమాస్తా దాన్ని అవతల పారేస్తాడు.

ఇది ఒకందుకు మేలే. దూరాన వుండి ఇళ్ళ తలుపులు తట్టి చూసే దొంగ ప్రోగ్రాములు చాలామటుకు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. కాని పూర్తి రక్షణ అని ధైర్యపడకండి. మీరే ఒక చెడ్డ ఫైలుని రప్పించుకుంటే, అడిగింది మీరే కనుక గుమాస్తా మర్యాదగా లోపలికి పంపేస్తాడు.

ఇంకొకందుకు ఇబ్బంది. బామ్మగారి ఫోను ఒక గుమాస్తా వెనక వుంది. డల్లాసులో బాబాయి కంప్యూటరు ఇంకో గుమాస్తా వెనక వుంది. ఈమె పిలిస్తే ఆ గుమాస్తా పారేస్తాడు. అతడు పిలిస్తే ఈ గుమాస్తా పారేస్తాడు. మరి ఇద్దరూ ఎలా మాట్లాడుతున్నారు?

మధ్యవర్తి ఒకరు కావాలి. ఇద్దరూ ముందుగా మధ్యవర్తి కంప్యూటరుకి కబురు పెడతారు. దానికి బహిరంగమైన చిరునామా వుంటుంది కాబట్టి చిక్కులేదు. ఆ కబురు మీద ఒక్కొక్క గుమాస్తా వేసిన చిరునామా, పోర్టు నెంబరూ మధ్యవర్తికి కనిపిస్తాయి. వాటిని అటువారివి ఇటూ, ఇటువారివి అటూ చెప్పేస్తుంది. వెంటనే ఇద్దరూ ఒకేసారి ఒకరికొకరు పాకెట్లు పంపుకుంటారు. మొదటివి ఒకటి రెండు వ్యర్థమైతే కావచ్చు. కాని తన ఇంటినుంచి అటు పాకెట్టు పోయింది కనుక ప్రతి గుమాస్తా పద్దు రాసుకునే వుంటాడు. తరవాత అటునుంచి వచ్చేది "జవాబు" లాగే కనిపిస్తుంది. తలుపు తెరుచుకుంటుంది! గుమాస్తాలిద్దర్నీ ఏమార్చడమన్నమాట. కొందరు గుమాస్తాలు మరీ గట్టివాళ్ళు. ఒక్కొక్క గమ్యానికి ఒక్కొక్క కొత్త పోర్టు వేస్తారు. అప్పుడు ఈ చిట్కా పారదు. సంభాషణ అంతా మధ్యవర్తి ద్వారానే నడవాలి. దారి పొడుగవుతుంది, ఖర్చూ పెరుగుతుంది.

గుమాస్తా మీద గుమాస్తా

కొన్నాళ్ళకి ఇంటికొక చిరునామా ఇవ్వడం కూడా కష్టమయింది. అప్పుడు ఇంటర్నెట్టు కంపెనీలే పెద్ద గుమాస్తాలను పెట్టాయి. ఒక్క చిరునామా వెనక అనేక ఇళ్ళు. ఇంటికి వెయ్యి పోర్టు నెంబర్లు కేటాయిస్తే ఒక చిరునామాకి ఎన్ని ఇళ్ళు పడతాయో లెక్కవెయ్యండి. 65 ఇళ్ళు. అంటే మీరూ, మీ వీధిలో చాలామందీ, బయటివాళ్ళ కంటికి ఒకే మనిషి! ఇందుకోసం 2012లో 100.64 నుంచి 100.127 దాకా వున్న నెంబర్లను విడిగా కేటాయించారు. మీ రూటరు అమరికల పేజీలో బయటివైపు చిరునామా ఇలా మొదలయితే, మీ గుమాస్తా పైన ఇంకో గుమాస్తా వున్నట్టే.

దీనివల్ల వచ్చే అన్యాయం చిన్నదికాదు. ఆ అరవై అయిదు ఇళ్ళలో ఒకడు తుంటరి పని చేస్తే, ఏదో ఒక సంస్థ ఆ చిరునామానే వెలివెయ్యవచ్చు. తక్కిన అరవైనాలుగు ఇళ్ళవాళ్ళూ ఏ పాపమూ ఎరక్కపోయినా బయట నిలబడతారు. నేరం ఎవరు చేశారో పట్టుకోవాలంటే చిరునామా ఒక్కటే చాలదు, పోర్టు నెంబరూ, సరైన సమయమూ కూడా రాసివుండాలి.

అసలైన పరిష్కారం మరేదో కాదు, పెద్ద చిరునామా. ఐ.పి. ఆరవ రూపంలో 32 బిట్లకి బదులు 128 బిట్లుంటాయి. అప్పుడు వచ్చే చిరునామాల సంఖ్య రాయాలంటే 39 అంకెలు కావాలి. ఇంటికి కాదు, ఇంట్లో ప్రతి బల్బుకీ సొంత చిరునామా ఇవ్వవచ్చు. ఇందాక మీరు చూసిన జంట చుక్కల వరస ఇదే. దీన్ని ఎక్కువగా వాడుతున్న దేశాల్లో మన దేశం ముందు వరసలో వుంది. చిరునామాలు ముందుగా దొరికినవాళ్ళకి తొందరలేదు. దొరకనివాళ్ళకి తప్పలేదు! అయినా పాత పద్ధతిలోనే వున్న కంప్యూటర్లు లోకంలో ఇంకా ఎన్నో వున్నాయి. వాటితో మాట్లాడటానికి గుమాస్తా వుండవలసిందే.

వేగాన్ని పంచేది ఎవరు?

చిరునామాల కరువు తీరినా తీగ ఒక్కటే కదా. సెకనుకి 3,333 పాకెట్లలో అక్కకెన్ని, మీకెన్ని?

చాలా ఇళ్ళలో దీన్ని ఎవరూ పంచరు. మామూలు రూటరు ముందు వచ్చిన పాకెట్టుని ముందు పంపుతుంది, అంతే. వాటాల సంగతి కంప్యూటర్లే తేల్చుకుంటాయి. ఈ మర్యాద ఊరికే రాలేదు. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకీ, బర్కిలీ విశ్వవిద్యాలయానికీ మధ్య సెకనుకి 32,000 బిట్లు పోవలసిన దారిలో 40 బిట్లు పోసాగాయి. రెండింటికీ మధ్య దూరం 400 గజాలు. చీటీ పట్టుకుని నడిచి వెళ్ళినా అంతకంటె ముందుగా చేరవచ్చు! కారణం ఏమిటంటే, దారి నిండిపోయి పాకెట్లు పోతున్నకొద్దీ ప్రతి కంప్యూటరూ పోయినవాటిని మళ్ళీ మళ్ళీ పంపుతోంది. రద్దీ ఇంకా పెరుగుతోంది. ఇరుకు వంతెన మీద అందరూ ఒకేసారి దూరితే ఏమవుతుందో అదే అయింది.

వాన్ జాకబ్సన్, మైకేల్ కేరెల్స్ దీనికి మందు కనిపెట్టారు. 1988లో జాకబ్సన్ దాన్ని ప్రచురించాడు. పంపే కంప్యూటరు మెల్లగా వేగం పెంచుకుంటూ పోవాలి. ఒక పాకెట్టు పోయిందని తెలియగానే దారి నిండిందని గ్రహించి, వేగాన్ని సగానికి తగ్గించుకోవాలి. మళ్ళీ మెల్లగా పెంచాలి. ఎక్కువ వాడుకుంటున్నవాడు సగానికి దిగితే ఎక్కువ వదులుకుంటాడు, తక్కువ వాడుకుంటున్నవాడు తక్కువ వదులుకుంటాడు. అలా కొంతసేపటికి ఇద్దరూ ఇంచుమించు సమానమవుతారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే! నన్నడిగితే మొత్తం ఇంటర్నెట్టులో ఇంతకంటె అందమైన ఏర్పాటు లేదు.

అయినా ఇంట్లో ఒక్కొక్కసారి "మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది" అని బామ్మగారు విసుక్కుంటారు. 2020లో బడులు మూతపడి, అన్నదమ్ములిద్దరూ ఒకే తీగ మీద పాఠాలు విన్నప్పుడు ఇది చాలా ఇళ్ళలో అనుభవమయింది. కారణం ఎక్కువగా బయటికి పంపే దారిలో వుంటుంది. నాన్నగారు పెద్ద ఫైలు పంపుతున్నారు. బయటికి పోయే వేగం సెకనుకి 4 మెగాబిట్లు అనుకోండి. రూటరు ఏ పాకెట్టూ పారెయ్యకుండా ఒక మెగాబైటు దాకా వరసలో నిలబెట్టిందనుకోండి. ఒక మెగాబైటు అంటే 8 మెగాబిట్లు. 8ని 4తో భాగిస్తే 2. బామ్మగారి మాట ఆ వరస చివర చేరి రెండు సెకన్లు నిలబడాలి! పారెయ్యకపోవడం దయ అనుకుంటాం గాని, పోయిన పాకెట్టు వల్లనే కదా నాన్నగారి కంప్యూటరుకి నెమ్మదించాలని తెలిసేది. అందుకే మంచి రూటర్లలో ఒక్కొక్క సంభాషణకీ ఒక్కొక్క వరస పెట్టి, ప్రతి వరస నుంచీ ఒక్కొక్కటే తీసి పంపుతారు.

ఇంకో కారణం గాలి. వై-ఫైలో ఒకరు మాట్లాడుతుంటే తక్కినవారు ఆగాలి. దూరపు గదిలో, గోడలవతల వున్న యంత్రం మెల్లగా మాట్లాడుతుంది కనుక గాలిని ఎక్కువసేపు ఆక్రమిస్తుంది. దాని మూలంగా పక్కనే వున్నవారికీ ఆలస్యమే. కదలని కంప్యూటరు వుంటే దాన్ని తీగతో రూటరుకి కలపడం ఉత్తమం. అది గాలిలోంచి తప్పుకుంటే తక్కినవారికి ఊపిరాడుతుంది.

మీ ఇంట్లో జబ్బు ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక పరీక్ష వుంది. కంప్యూటరులో పింగ్ అనే ఆజ్ఞ వుంటుంది. అది ఒక చిన్న పాకెట్టు పంపి, జవాబు రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెబుతుంది. ముందు మీ రూటరుకే పింగ్ చెయ్యండి. చాలా ఇళ్ళలో దాని చిరునామా 192.168.1.1 లేదా 192.168.0.1. తరవాత బయటి చిరునామా 8.8.8.8 కి చెయ్యండి. ఇంట్లో అందరూ ఊరుకున్నప్పుడు ఒకసారి, ఎవరైనా పెద్ద ఫైలు పంపుతున్నప్పుడు ఒకసారి చేసి, నాలుగు అంకెలూ పక్కపక్కన రాయండి. రూటరు దాకానే ఆలస్యమైతే తప్పు గాలిది. రూటరు చటుక్కున పలికి, బయటివాడు మాత్రం ఆలస్యంగా పలికితే వరస తీగ దగ్గర పేరుకుంది.